కరెంటు బిల్లు చూసి మా మామ ఆక్సిజన్ ఆపేస్తున్నాడు

తిరుపతి నుంచి ఒకామె నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి వద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

వాళ్లది మేడ మీద అద్దె పోర్షన్. కింద ఓనర్లు ఉంటారు. భర్త బట్టల షాపులో సేల్స్‌మన్, ఈమె ఇంట్లో జాకెట్లు కుడతారు. మామకు 71 ఏళ్లు. ముప్పై ఏళ్లు లారీ తోలారు, బీడీలు కాల్చారు, ఇప్పుడు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం పట్టే దీర్ఘకాలపు జబ్బు. జనవరిలో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నిమిషానికి 2 లీటర్ల చొప్పున రోజుకు 16 గంటలు, రాత్రి తప్పకుండా, ఆక్సిజన్ పెట్టాలని డాక్టరు రాశారు. బెంగళూరులో ఉండే బావగారు 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్, అంటే గదిలో గాలి నుంచే ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మిషన్, కొనిచ్చారు. దాని వెనక స్టిక్కర్ మీద 350 వాట్లు అని ఉంది.

వీళ్ల పోర్షన్‌కు సొంత సర్వీసు లేదు. ఓనరు మీటర్ నుంచి తీసిన సబ్ మీటర్. యూనిట్‌కు 10 రూపాయలు ఇవ్వాలి. మునుపు నెలకు 130 యూనిట్లు వచ్చేవి, 1,300 కట్టేవాళ్లు. ఇప్పుడు 300 వస్తున్నాయి, 3,000 కడుతున్నారు. మొన్న ఓనరమ్మ మొత్తం బిల్లు తెచ్చి చూపించారట. పైనా కిందా కలిపి 500 యూనిట్లు. "మీ మిషన్ వచ్చినప్పట్నుంచి మా బిల్లు కొండెక్కింది, వేరే ఇల్లు చూసుకుంటే మంచిది" అన్నారట.

అసలు బాధ ఇంకోటి. మామ రోజూ పొద్దున కమ్మీ పట్టుకుని మెట్లు దిగి, మెట్ల కింద ఉన్న సబ్ మీటర్ రీడింగ్ చూసి, టీటీడీ క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంటున్నారు. "ఎందుకుమ్మా, నా పింఛన్ నాలుగు వేలూ ఈ డబ్బాకే పోతా ఉంది" అంటున్నారు. నెల రోజులుగా రాత్రి రెండు గంటలప్పుడు తనే మిషన్ ఆపేస్తున్నారు. పొద్దున వేలికి ఆక్సీమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 84 శాతం చూపిస్తోంది.

ఆమె అడిగినవి: గంటలు తగ్గించవచ్చా? సిలిండర్లకు మారితే చవకా? సోలార్ వేయించుకోవచ్చా? "మిషన్ నేను కొనిచ్చినా కదా" అనే బావగారిని కరెంటుకు డబ్బులడగడం న్యాయమేనా? మామ "నన్ను పెనుమూరు దగ్గర మన ఊరికి పంపేయండి" అంటున్నారు, పంపాలా?

ఉత్తరం చివర, సంతకం కూడా అయిపోయాక, ఒక వాక్యం ఉంది. "మొన్న ఆయన మిషన్ ఆపిన శబ్దం నాకు వినపడింది, పది నిమిషాలు లేవకుండా అట్లే పడుకున్నాను."

*

ముందు మిషన్ లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో అందరూ దాన్ని ఒక రాక్షసి లాగా చూస్తున్నారు. 350 వాట్ల మిషన్ 16 గంటలు తిరిగితే రోజుకు 5.6 యూనిట్లు. నెలకు 168. మీ పాత 130కి ఇది కలిపితే 298. మీరు రాసిన 300కి సరిగ్గా సరిపోయింది. అంటే మీ సబ్ మీటర్ దొంగ లెక్క చూపించడం లేదు. అనుమానం తీరకపోతే ఒక మధ్యాహ్నం ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, మిషన్ ఒక్కటే గంటసేపు నడిపి రీడింగ్ చూడండి. యూనిట్‌లో మూడో వంతు దగ్గర కదలాలి. మిషన్ కూడా ఆపేశాక మీటర్ ఇంకా కదులుతుంటే మాత్రం నీళ్ల మోటారో, మెట్ల లైటో మీ వైరు మీద ఉందన్నమాట.

ఇప్పుడు రేటు. మన ఇళ్ల కరెంటు స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, అక్కణ్నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. వైద్య పరికరమని వేరే రేటు లేదు, ఫ్యానూ ఆక్సిజన్ మిషనూ ఆ మీటర్‌కు ఒకటే. కానీ ఒక సంగతి గమనించండి. చవక స్లాబులు ప్రతి మీటర్‌కూ ఒక్కసారే దొరుకుతాయి. మీ ఇంట్లో రెండు కుటుంబాలు ఒకే మీటర్ మీద ఉన్నాయి కాబట్టి 1.90 స్లాబూ 3 రూపాయల స్లాబూ ఓనర్లు వాడేసుకున్నాక మీ యూనిట్లు పోయి పై మెట్ల మీద కూర్చుంటున్నాయి.

నేను కాగితం మీద వేసి చూశాను. 500 యూనిట్లు ఒకే మీటర్ మీద వస్తే యూనిట్ల ఛార్జీ 3,523 రూపాయలు. అదే 300 మీకొక మీటర్, 200 వాళ్లకొక మీటర్ అయితే మీది 1,673, వాళ్లది 867, మొత్తం 2,540. ఇంధన సర్దుబాటు, స్థిర ఛార్జీలు, సుంకం రెండు వైపులా పైన పడతాయి, వాటిని పక్కన పెడదాం. తేడా 983 రూపాయలు. ప్రతి నెలా అంత డబ్బు మీకూ ఓనరుకూ ఎవరికీ పనికిరాకుండా పోతోంది, కేవలం మీటర్ ఒకటే అయినందుకు.

ఇక్కడ మీ ఓనరమ్మ తరఫున కూడా ఒక మాట చెప్పాలి, మీకు నచ్చకపోయినా. మీ 300 యూనిట్ల వల్ల ఆమె బిల్లు మీద పడే అదనం 2,656, దాని మీద మిగతా ఛార్జీలు. మీరిచ్చేది 3,000. ఆమెకు మిగిలేది పెద్దగా ఏమీ లేదు. చేతికొచ్చిన కాగితం మీద అంకె చూసి బెంబేలెత్తుతున్నారు, అంతే. "యూనిట్‌కు పది ఎలా తీసుకుంటారు" అని గొడవకు దిగితే ఆమె దగ్గర జవాబు ఉంది. "బిల్లును యూనిట్ల లెక్కన పంచుకుందాం" అని అడిగితే మీ వాటా 2,114కు దిగుతుంది గానీ, ఒంటరిగా ఉంటే 867 కట్టాల్సిన ఆమె 1,409 కట్టాలి. ఒప్పుకోకపోతే తప్పు పట్టలేం.

అందుకని ఆమెతో మాట్లాడాల్సింది వేరే సర్వీసు గురించి. మీ పోర్షన్‌కు వంటిల్లు, గుమ్మం విడిగా ఉన్నాయి కాబట్టి విడి కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇల్లు ఆమెది కాబట్టి సంతకం ఆమె పెట్టాలి. కనెక్షన్ ఖర్చు మీరు పెట్టుకుంటామనండి, ఇల్లు ఖాళీ చేసినా ఆ మీటర్ ఆమె ఇంటికే ఉండిపోతుందని గుర్తు చేయండి. మన కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే ఉంది, కానీ మీకు అంత దూరం అక్కర్లేదు, మీ సెక్షన్ ఆఫీసులో అడిగితే కావలసిన కాగితాలు చెబుతారు. ఫోన్‌లో అయితే 1912. ఈ పని అయితే మామ ఒక్క గంట ఆక్సిజన్ తగ్గించుకోకుండానే నెలకు వెయ్యికి పైగా మిగులుతుంది.

అయితే సొంత మీటర్‌తో ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకుని దిగండి. రైస్ కార్డుకూ, దాన్ని పట్టుకుని వచ్చే పథకాలకూ అర్హత చూసేటప్పుడు కరెంటు వాడకం 12 నెలల సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదన్న నిబంధన ఉంది. మీ లెక్క 298. గీత మీద నిలబడ్డట్టే. ఇప్పుడు మీటర్ ఓనరు పేర ఉంది కాబట్టి ఈ బెడద మీకు కనపడలేదు. మీ వార్డు సచివాలయానికి వెళ్లి మీ కార్డుకు ఏ సర్వీసు నంబరు ముడిపెట్టి ఉందో అడగండి. కొన్ని ఇళ్లకు ఎవరిదో నంబరు తగిలించి ఉంటుంది, అట్లా ఉంటే సరిచేయమని అర్జీ ఇవ్వండి. డాక్టరు రాసిన చీటీ జిరాక్సు కూడా ఒకటి ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఆ తర్వాత మిగతా 130 యూనిట్ల మీద చేయి వేయండి, మిషన్ మీద కాదు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ 30 దగ్గర. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. రెండు మారిస్తే 40, అవి కూడా 8.75 స్లాబులో పోయే యూనిట్లు. ఇంకొకటి. ఆ 350 వాట్లూ చివరకు వేడిగానే బయటికొస్తాయి. మామ పడుకునే చిన్న గదిలో మిషన్ పెట్టి, గది ఉడికిపోతోందని కూలర్ వేస్తున్నామని మీరే రాశారు. మిషన్‌ను హాల్లోకి మార్చి, పొడుగు గొట్టంతో గదిలోకి ఆక్సిజన్ తీసుకెళ్లండి. ఎంత పొడుగు దాకా పరవాలేదో సర్వీసు అతన్ని అడగండి. గోడకు ఒక అడుగు ఎడంగా ఉండాలి. వెనక ఉన్న స్పాంజి ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. మీ కుట్టుపని దారప్పోగులు, నూలు దుమ్ము దాంట్లోకి పోతాయి కాబట్టి మీ ఇంట్లో ఇది మరీ ముఖ్యం. సర్వీసు అతను వచ్చినప్పుడు ఆక్సిజన్ శాతం ఎంత వస్తోందో కొలిపించండి. 90కి పైన ఉండాలి. అరిగిన మిషన్ కరెంటు అంతే తిని గాలి మాత్రం పల్చగా ఇస్తుంది.

గంటలు తగ్గించవచ్చా అంటే, మీ ఇంట్లో ఎవరూ తగ్గించకూడదు. సీఓపీడీలో ఆక్సిజన్ రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటేనే ఫలితం అని 1980 ప్రాంతంలోనే పరీక్షల్లో తేలింది. మీ డాక్టరు 16 రాసింది ఊరికే కాదు. పైగా ఆయన ఆపుతున్నది నిద్రలో, ఆక్సిజన్ మామూలుగానే పడిపోయే వేళ. నీరసం, పొద్దున్నే తలనొప్పి, కాళ్ల వాపు ఉన్నాయేమో చూడండి, గుండె కుడివైపు భారం పడుతుంటే అవి కనపడతాయి. 84 రోజూ వస్తుంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఈ వారమే చూపించండి. ఎక్కువ పెడితే మంచిదని 2 లీటర్లను 4 చేయడం కూడా ప్రమాదమే. ఈ జబ్బులో సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచాలని చూస్తారు, అంతకంటే పైకి తోస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది.

కానీ మీ ప్రశ్నలో ఒక న్యాయమైన ముక్క ఉంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు రాసిన ఆక్సిజన్‌ను రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించి చూడాలి. అప్పుడు ఊపిరితిత్తులు దెబ్బతిని ఉన్న స్థితి వేరు, కుదుటపడ్డాక వేరు. కొందరికి అసలు అక్కర్లేకుండా కూడా పోతుంది. మీరు జనవరి అన్నారు, ఆ తర్వాత రక్తంలో వాయువుల పరీక్ష చేయించినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రుయాలోనో, స్విమ్స్‌లోనో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి "ఇంకా 16 గంటలు కావాలా" అని సూటిగా అడగండి. తగ్గించమంటే ఆయన నోటితోనే తగ్గుతుంది. తగ్గించొద్దంటే ఆ మాట మామ చెవిన డాక్టరు నోటితోనే పడుతుంది. కోడలు చెబితే ఖర్చు గురించి దాస్తోందనుకుంటారు.

సిలిండర్ల సంగతి త్వరగా తేలిపోతుంది. నిమిషానికి 2 లీటర్లు, 16 గంటలంటే రోజుకు 1,920 లీటర్లు. ఇళ్లకు తెచ్చే బీ టైప్ సిలిండర్‌లో 1,500 లీటర్లు ఉంటుంది, ఒక్క రోజుకే చాలదు. 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ మూడున్నర రోజులు. దాన్ని మేడ మీదికి మోయించే కూలి కూడా లెక్కేసుకోండి. మీ మిషన్‌కు ఇప్పుడున్న పది రూపాయల రేటులో కూడా రోజుకు అయ్యేది 56 రూపాయలు. సొంత మీటర్ అయితే 41 దగ్గర. అయినా కరెంటు పోయినప్పటికి ఒక బీ టైప్ ఇంట్లో ఉండాల్సిందే, నిండుగా ఉంటే 12 గంటలు ఆదుకుంటుంది. ఇన్వర్టర్ కొనాలనుకుంటే ప్యూర్ సైన్ వేవ్ దే కొనండి. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఈ మిషన్‌ను సుమారు మూడు గంటలు లాగుతుంది. దీపం, గ్యాస్ పొయ్యి, అగ్గిపుల్ల ఆ గొట్టం దరిదాపుల్లో ఉండకూడదు. మామ చాటుగా బీడీ ముట్టించే అలవాటు పూర్తిగా పోయిందో లేదో కూడా చూసుకోండి.

సోలార్ మీ చేతిలో లేదు, కప్పు ఓనరుది. పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60,000 రూపాయల సబ్సిడీ ఉంది, ఆమెకు ఆసక్తి ఉంటే ఆమె వేయించుకోవాలి. సోలార్ ఉంటే కరెంటు పోయినా మిషన్ నడుస్తుందని మాత్రం అనుకోకండి. బ్యాటరీ లేని మామూలు సోలార్ అయితే, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది.

ఇల్లు మారడం గురించి నా అభిప్రాయం మీరు అనుకున్నదానికి కొంచెం వేరుగా ఉంటుంది. ఓనరమ్మ సంతకం పెట్టనంటే మారడమే మేలు, కానీ కోపంతో కాదు. విడి మీటర్ ఉన్న కింది పోర్షన్ దొరికితే ఆయాసం ఉన్న మనిషికి మెట్లు తప్పుతాయి. అద్దె ఐదారు వందలు ఎక్కువైనా కరెంటులో తిరిగొస్తుంది. అడ్వాన్సూ సామాన్ల ఖర్చూ మాత్రం ఒకేసారి పడుతుంది, పాత అడ్వాన్స్ ఎప్పుడిస్తారో ముందే మాట తీసుకోండి.

ఊరికి పంపడం కరెంటు లెక్కలో అన్నిటికంటే చవక. సొంతిల్లు, విడి మీటర్, ఒక మనిషి వాడకం, మిషన్‌తో కలిపినా 200 యూనిట్ల లోపు. కానీ రాత్రి రెండింటికి గొట్టం ఊడితే పక్కన ఎవరున్నారు? దాయాదుల్లో ఎవరో ఒకరు రోజూ ఆ ఇంట్లోనే పడుకుంటారని గట్టి మాట ఉంటే ఆలోచించవచ్చు. లేకపోతే ఆయన ఊరికి పోతానంటున్నది ఊరి మీద ప్రేమతోనా, మీకు భారం తగ్గిద్దామనా అని మీ భర్త ఒకసారి తీరిగ్గా కూర్చుని అడగాలి.

బావగారి విషయం. ఆయన మిషన్ కొనిచ్చారు, అది చిన్న సాయం కాదు. కానీ మిషన్ కొనడం ఒక్కరోజు ఖర్చు, దాన్ని నడపడం నెలనెలా ఖర్చు. ఆయనకు ఈ రెండో ఖర్చు తెలియదు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు. మీ ఉత్తరంలోనే ఉంది, మీ ఆయన "అన్న దగ్గర చేయి చాపను" అంటున్నారని. నెలకు 1,200 పంపమని అడగవచ్చు, అది మిషన్ వల్ల పడే అచ్చమైన అదనం, సొంత మీటర్ లెక్కలో. రెండు నెలలు వచ్చి మూడో నెల ఆగిపోయే అవకాశం ఉంది, ప్రతి నెలా గుర్తు చేయాల్సిన చేదు మీ ఆయనకు మిగులుతుంది. "అయితే నాన్నను ఇక్కడికి తెచ్చేయండి" అని కూడా అనవచ్చు, ఆ మాటకు మీ జవాబు ముందే అనుకుని ఉండండి. లేదా, ఒకేసారి వస్తువు కొనిచ్చే స్వభావం ఆయనది అనిపిస్తోంది కాబట్టి, ఒకేసారి అయ్యేవి అడగండి: కొత్త సర్వీసు ఖర్చు, రెండు ఫ్యాన్లు, ఒక సిలిండర్. నాకైతే ఈ రెండో దారి మీ ఇంటికి సరిపోతుందనిపిస్తోంది. ఏది అడిగినా ఫోన్ చేసేది మీరు కాకూడదు. అన్నదమ్ముల మధ్య డబ్బు మాట కోడలి నోట వస్తే అది వేరే కథ అయిపోతుంది.

ఇక మామ. ఆయన క్యాలెండర్ లాక్కోకండి. లారీ తోలిన మనిషి, డీజిల్ లెక్కా కిలోమీటర్ల లెక్కా రాసుకున్న చేయి అది. కాకపోతే ఆయన రాస్తున్న లెక్క సగమే. రోజుకు 56 రూపాయలన్న అంకె ఆయనకు ఎవరూ చెప్పలేదు, నెలాఖరున 3,000 అని మాత్రమే వింటున్నారు. అందులో 1,300 మునుపు కూడా ఉన్నదే. ఈ ముక్క మీ భర్త ఆయన పక్కన కూర్చుని అదే కాగితం మీద వేసి చూపించాలి. జనవరిలో ఆసుపత్రికి ఎంతైందో ఆ పక్కనే రాయండి. మెట్లు దిగడం మాన్పించి, రీడింగ్ మీ పిల్లలెవరితోనైనా తెప్పించి ఇవ్వండి, పక్క గడిలో పొద్దున ఆక్సీమీటర్ అంకె ఆయన్నే రాయమనండి. పింఛన్‌లోంచి ప్రతి నెలా 500 ఆయన చేతిలోనే ఉంచండి. జేబులో రూపాయి లేని మనిషికి ఇంట్లో తిరిగే ప్రతి ఫ్యానూ తన మీద అప్పులాగే కనపడుతుంది.

సంతకం తర్వాత మీరు రాసిన వాక్యం. మా అమ్మకు రెండేళ్లు ఈ మిషనే. ఆ గుర్రుమనే శబ్దానికి ఎంత అలవాటు పడ్డామంటే, అది ఆగితేనే మెలకువ వచ్చేది. మెలకువ వచ్చిన ప్రతిసారీ నేను వెంటనే లేచానని చెప్పలేను. పది నిమిషాల తర్వాత మీరు లేచి వెళ్లి మిషన్ వేశారా లేదా అన్నది మీరు రాయలేదు. వేసే ఉంటారు, లేకపోతే ఈ ఉత్తరం ఇట్లా ఉండదు. జనవరి నుంచి ప్రతి రాత్రీ ఆ శబ్దం కోసం చెవి పెట్టుకుని పడుకుంటున్నది ఇంట్లో మీరొక్కరే అని మాత్రం నాలుగు పేజీలూ చదివాక అర్థమైంది. పొద్దున్నే లేచి వంట, పగలంతా కుట్టుపని, రాత్రి కాపలా.

మీ ఆయన షాపు మూసి పదిన్నరకు వస్తారన్నారు. అలసట ఉంటుంది, నిజమే. ఆయన రెండింటికి అలారం పెట్టుకుని లేవక్కర్లేదు, పడుకునే చోటు మార్చుకుంటే చాలు. వారానికి మూడు రాత్రులు ఆయన చాప నాన్న మంచం పక్కన, మిషన్ స్విచ్ తన తల దగ్గర. ఆ మూడు రాత్రులు మీరు తలుపు వేసుకుని పడుకోండి.